కాల్చని మన్ను

శ్రీరాంపూర్,
జూలై 2, 2024

చిరంజీవి నవతకు,

మీ అత్తమ్మ దీవించి రాస్తున్నది. కొండగట్టు అంజన్న దయ వల్ల ఇక్కడ అందరం క్షేమం. పోర్చుగల్ దేశంలో నీకు తిండి, నీళ్లు పడుతున్నాయని తలుస్తాను.

పదో తరగతి పరీక్షల తర్వాత నేను ఇంత రాయడం ఇదే. రోజూ ఫోన్‌లో కనబడే మనిషికి ఉత్తరమెందుకని మీ మామ నవ్వుతున్నాడు. కారణం ఆయనే. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా ఒకవైపు ఆయన, ఒకవైపు మా కొడుకు సిద్ధు తల దూరుస్తారు. వాన పడ్డదా, ఏం తిన్నావు అని వాళ్లే అడుగుతారు. నా వంతు వచ్చేసరికి "బాగున్నవా బిడ్డా" అనడంతో సరిపోతుంది. నీ ముఖం చూస్తూ అడగలేని మాట ఒకటి వారం రోజులుగా నా దగ్గర ఉంది. మొన్న శనివారం ఒక్కపొద్దు ఉండి దీపం ముందు కూర్చుంటే, దాన్ని మోసుకు తిరిగేకన్నా రాయడమే మేలనిపించింది.

మీ బాపు, అదే మా హనుమండ్లు అన్న, పోయిన వారం చొప్పదండి నుంచి వచ్చాడు. నీ సంగతులన్నీ అతనే చెప్పాడు. ఆదిలాబాద్ బడిలో పిల్లలకు మట్టి పని నేర్పుతూ, సాయంత్రాలు హాస్టల్లో ఫోన్ ముందు పెట్టుకుని నువ్వు ఎన్ని చోట్లకు రాశావో నాకు తెలుసు. ఒకచోట ఇంగ్లిషు చాలదన్నారు. ఒకచోట పనిచేసే ఆము లేనివాళ్లు కుమ్మరులెట్లా అవుతారన్నారు. కుండలు కాల్చే ఆము చల్లారిపోయిన ఇంట్లో పుట్టడం నీ తప్పయినట్టు. చివరికి పోర్చుగల్‌లో ఈ మట్టి పని కేంద్రం వాళ్లు పిలిచారు. రాను పోను ఖర్చులూ ఉండడానికి చోటూ వాళ్లే చూసుకుంటూ, ఆరు నెలలు పని చేసుకోమన్నారు. అక్కడ చేసిన వాటిలో ఒకటి వాళ్ల దగ్గర ఎప్పటికీ ఉంచి రావాలట. అది వాళ్లకు నచ్చితే చొప్పదండిలో మన ఆము మళ్లీ కట్టుకోవడానికి సాయం చేస్తారట. ఈ మాట అన్న నాకు రెండుసార్లు చెప్పాడు. మా బాపు పరశురాములు పోయాక ఆ ఆము వెలగలేదు కదా.

నువ్వు పుట్టమన్నుతో బొడ్డెమ్మను చేసి ఇస్తానన్నావట. సెప్టెంబరు ఆఖరున అక్కడ ఆము పేరుస్తారట. ఆ రెండు మాటలూ కలిపి విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. కుమ్మరి ఇంట్లో పుట్టినదాన్ని, రూపం వచ్చిన మన్ను ఏదైనా చివరికి ఆములోకే పోతుందని తెలుసు. ఒక్క బొడ్డెమ్మ తప్ప. బాపు పుట్ట దగ్గరికి పోయి, పాలు పోసి, చేతులు జోడించి అడిగి మన్ను తెచ్చేవాడు. పీట మీద మెట్లు మెట్లుగా కట్టి, ఎర్రమన్ను పూసి, ముగ్గులు పెట్టి, గునుగుపూలు గుచ్చేవాళ్లం. వాకిట్లో లాంతరు పెట్టేవాళ్లు. మా గొంతులు విని పక్క వాడ పిల్లలు కూడా పరుగెత్తుకొచ్చేవాళ్లు. రోజూ చుట్టూ ఆడి, జోల పాడి నిద్రపుచ్చి, పెత్రమాస అమావాస్య ముందు రోజు నీళ్లకు సాగనంపేవాళ్లం. ఆ తల్లిని మంటలో పెట్టకు బిడ్డా.

ఇంకొక మాట. బొడ్డెమ్మ చుట్టూ ఆడేది పెండ్లికాని పిల్లలు కదా. అక్కడ ఆమెను ఎవరు ఆడిస్తారు? ఎవరు ఎత్తుతారు? ఈ సంగతి నువ్వు ఆలోచించావా?

అక్కడ చలి ఎక్కువని సిద్ధు అన్నాడు. తలకు నూనె పెట్టడం మానకు.

మీ అత్తమ్మ,
జ్యోతిరాణి

*

పోర్చుగల్,
జూలై 23, 2024

అత్తమ్మకు నమస్కారాలు.

ఉత్తరం నిన్న అందింది. నీ చేతిరాత ఇంత గుండ్రంగా ఉంటుందని నాకు తెలియదు.

ఇక్కడ ఇప్పుడు ఎండాకాలం. చలి లేదు. కొండ వాలులో చిన్న ఊరు, ముప్పై ఇళ్లు కూడా ఉండవు. ఒకప్పుడు ఇంటింటా కుమ్మరి సారె తిరిగేదట. ఇప్పుడు ముగ్గురు ముసలివాళ్లు మిగిలారు. అందుకే బయటి దేశాల కుమ్మరులను పిలిచి పని చేయిస్తున్నారు. కేంద్రం చూసుకునే ఆవిడ పేరు అమేలియా. నీ ఈడే ఉంటుంది.

నువ్వు రాసిన మొదటి మాటకు జవాబు అక్కర్లేకుండా పోయింది. రెండో మాటే చాలు. నేను పెండ్లికాని పిల్లను కాను. పెండ్లయినదాన్ని అని చెప్పుకోవడానికీ లేదు. అత్తగారిల్లు విడిచి వచ్చినప్పటి నుంచి నాలుగేళ్లుగా ఊళ్లో ఎవరో ఒకరు ఏదో ఒక విధంగా ఈ సంగతి గుర్తు చేస్తూనే ఉన్నారు. శుభకార్యాలకు పిలిచి వెనక వరసలో కూర్చోబెడతారు. ఇన్నాళ్లూ ఆ మాట అననిదానివి నువ్వొక్కదానివే.

బొడ్డెమ్మను చెయ్యనని అమేలియాకు చెప్పేశాను. బదులుగా నీళ్ల కూజాలు ఇస్తానన్నాను. కూజాలు వాళ్ల తాతలే చాలా చేశారు. మన ఆముకు సాయం వస్తుందని ఇక నాకు ఆశ లేదు. బాపుకు నేనే ఫోన్‌లో చెప్తాను.

మామను, సిద్ధును అడిగానని చెప్పు.

నవత

*

శ్రీరాంపూర్,
ఆగస్టు 9, 2024

బిడ్డా,

నీ ఉత్తరం పొయ్యి దగ్గర నిలబడి చదివాను. అన్నం మాడిన వాసన మీ మామ వచ్చి చెప్తే గానీ తెలియలేదు. బొగ్గు బాయి నుంచి ఆకలితో వచ్చిన మనిషి, నా ముఖం చూసి, ఆ మాడిన అన్నమే తిని లేచాడు.

నేను నిన్ను అనలేదు. అక్కడ చిన్నపిల్లలు ఉన్నారా, బొడ్డెమ్మ చుట్టూ ఆడడానికి వస్తారా, వాళ్లకు అడుగులు ఎవరు నేర్పుతారు, ఇదే నేను అడిగింది. ముసలివాళ్లే ఉన్న ఊరని అన్న చెప్పాడు, అందుకు. కాగితం మీద పెట్టేసరికి అది ఇంకోలా వినిపించిందని ఇప్పుడు నా ఉత్తరం తలుచుకుంటే తెలుస్తున్నది. నా ఎదుట ఉండి ఉంటే నా ముఖం చూసి నీకే అర్థమయ్యేది.

నీకు ఎన్నడూ చెప్పని ఒక సంగతి చెప్తాను. నాకు పెండ్లయిన ఏడు, భాద్రపదంలో పుట్టింటికి వచ్చాను. అప్పటికి పందొమ్మిదేళ్లు. సాయంత్రం పిల్లలు బొడ్డెమ్మ చుట్టూ చేరితే, నేనూ కొంగు బిగించి వరసలోకి పోయాను. మన వాడకట్టు సమ్మవ్వ నా చెయ్యి పట్టి బయటికి గుంజింది. "నీకేం పని గీడ? పెండ్లయినదానివి, జర పక్కకు జరుగు" అన్నది. ఆమె తప్పుగా అనలేదు, రివాజే చెప్పింది. కానీ పోయినేడు దాకా నా చోటు అదే కదా. అరుగు మీద కూర్చుని, ఆ పాటలన్నీ నోట్లోనే పాడుకున్నాను. నేను పాడుతున్నట్టు ఎవరికీ తెలియదు. నన్ను కన్న మా అవ్వకు కూడా తెలియదు.

తెల్లారి బాపు నన్ను పెరట్లోకి పిలిచాడు. కొత్తగా తెచ్చిన మన్ను కుప్ప చూపించి, "గా మాట ఆడేటోళ్లకు, చేసేటోళ్లకు కాదు. లే, మన్ను తొక్కు" అన్నాడు. నిన్నటి బొడ్డెమ్మకు ఒక మూల నెర్రె పడ్డది. దాన్ని నా చేత సరిచేయించాడు. ఆ ఏటి నుంచి ప్రతి ఏడూ నేనే కట్టాను. నీకు ఊహ తెలిసినప్పటి నుంచి నువ్వు ఆడిన బొడ్డెమ్మలన్నీ పెండ్లయిన చేతులు చేసినవే. పిల్లలు ఆడతారు, పెద్దవాళ్లు చేసిపెడతారు. నువ్వు అత్తగారిల్లు విడిచి వచ్చావు కాబట్టి నీ చేతుల్లో మన్ను నిలవదని ఏ తల్లీ అనదు. అంటే నేను వినను.

నువ్వు సంచితో మంచిర్యాల బస్టాండులో దిగిన రోజు మీ మామ ఏమన్నాడో గుర్తుందా? "మా కోడలు ఇంటికి వచ్చింది, ఇగ రేషన్ బియ్యం చాలయి" అన్నాడు. అంతే. మా ఇంట్లో దాని మీద ఇంకో మాట పుట్టలేదు.

ఇంకా సమయం ఉంటే అమేలియమ్మను మళ్లీ అడుగు. నా తెలివితక్కువ ఉత్తరం వల్ల చొప్పదండి ఆము చల్లగా ఉండిపోతే, దేవుడి ముందు దీపం ఎట్లా పెట్టను?

నీ అత్తమ్మ

*

పోర్చుగల్,
ఆగస్టు 27, 2024

అత్తమ్మా,

ఉత్తరం బయట మెట్ల మీద కూర్చుని చదివాను. చదివాక చాలాసేపు లోపలికి పోలేదు. సమ్మవ్వ నన్ను కూడా చాలాసార్లు పక్కకు జరిపింది కానీ, నిన్ను కూడా జరిపిందని ఇప్పుడే తెలిసింది. నా కోపం అంతా నీమీద పోసినందుకు నువ్వు ఏమీ అనలేదు. అనవు కూడా. మామ చేత తిట్టించు, సరిపోతుంది.

ముందు నీ భయం తీరుస్తాను. బొడ్డెమ్మను కాల్చాలని నేను ఎప్పుడూ అనుకోలేదు. సెప్టెంబరులో ఆము పేర్చేది మిగతా కుండల కోసం. బాపు రెండు మాటలనూ ఒకే ఊపిరిలో చెప్పి ఉంటాడు.

అమేలియాను మళ్లీ అడిగాను. కూజాలన్నప్పుడు ఆమె ముఖం పడిపోయింది. ఇప్పుడు లేచి నా భుజం తట్టింది. ఈ ఊళ్లో పిల్లలు తక్కువే గానీ కింది బడి నుంచి తీసుకొస్తానంది.

కానీ ఇంకో చిక్కు వచ్చింది. పచ్చి మన్ను ఎన్నాళ్లు ఉంటుందని కేంద్రంలో పైవాళ్లు అడిగారు. సాగనంపేస్తామని చెప్పాను. మరి మా దగ్గర ఉంచేది ఏమిటన్నారు. మన్ను గట్టిపడే మందు ఏదో ఉందట, పూసి అద్దాల పెట్టెలో పెడతామంటున్నారు. వాళ్లది చెడ్డ బుద్ధి కాదు. ఎవరి సొమ్ముతో మమ్మల్ని పిలుస్తున్నారో వాళ్లకు ఏటా లెక్క చూపాలి, ఈ ఏడు ఫలానావాళ్లు వచ్చారు, ఫలానాది ఉంచి వెళ్లారు అని. ఇంకో సంగతి, ఇక్కడి ఏట్లో ఏదీ కలపకూడదని కట్టడి.

నిర్మల్‌లో బొమ్మలకు రంగులు వేసే నా స్నేహితురాలు ఆమని, ఇట్లాంటి పిలుపులు ఎక్కడ వెతకాలి, ఏం రాయాలి అని రోజూ అడుగుతోంది. ఎట్లా వెతకాలో చెప్పాను. తీరా వచ్చాక ఏం అడుగుతారో మాత్రం ఇంకా చెప్పలేకపోతున్నాను.

ఉంచితే మన ఆము వెలుగుతుంది. ఉంచకపోతే వెలగదు. ఫోన్‌లో అడిగితే "నీ ఇష్టం బిడ్డా" అంటావు. అందుకే రాస్తున్నా. నువ్వు చెప్పు.

నీ నవత

*

శ్రీరాంపూర్,
సెప్టెంబరు 10, 2024

బంగారు తల్లికి,

నీ ఉత్తరం పట్టుకుని నిన్న చొప్పదండి పోయి వచ్చాను. అన్నకు చూపించలేదు. ఊరికే ఆము ఉన్న చోట నిలబడదామని పోయాను. ఆములో మొలిచిన తుమ్మ చెట్టు నా ఎత్తు పెరిగింది. వంగి చూస్తే గోడ అడుగున ఇంకా నల్లగా ఉంది. ఆ పొగ వాసనే నాకు పుట్టిల్లు. అత్తగారింటి నుంచి వచ్చేటప్పుడు బస్సు దిగగానే, ఇల్లు కనబడకముందే ఆ వాసన వచ్చేది. ఇవాళ బాపు ఆము వేస్తున్నాడు, అవ్వ చింతపులుసు చేస్తుంది అని తెలిసిపోయేది. అది మళ్లీ వెలగాలని నాకున్నంత కోరిక నీకు కూడా లేదేమో. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే, నేను చెప్పబోయేది సులువుగా చెప్తున్నానని నువ్వు అనుకోవద్దు.

నీళ్లకు పంపించు బిడ్డా.

అద్దాల పెట్టెలో పెడితే జోల ఎవరు పాడతారు? రాత్రి తాళం వేసుకుని పోతారు. తెల్లారి వచ్చి దుమ్ము తుడుస్తారు. మనం రోజూ నిద్రపుచ్చేది, సాగనంపే రోజు మన చేతులకు బరువు కాకూడదనే అని మా అవ్వ అనేది. పోయే తల్లి కాబట్టే మరుసటి ఏడు మళ్లీ వస్తుందని పిల్లలు ఎదురు చూసేవాళ్లు. ఉన్నచోటే ఉండిపోయేదాని కోసం ఎవరు ఎదురు చూస్తారు?

ఏరు వద్దంటే పరేషాన్ కాకు. మేం ఈ క్వార్టర్‌కు కొత్తగా వచ్చినప్పుడు దగ్గర్లో చెరువు లేదు. కాలనీ ఆడవాళ్లం పెద్ద గంగాళంలో నీళ్లు పోసి అందులోనే సాగనంపాం. ఆ నీళ్లు మందారాలకు పోశాం. తల్లి ఏమీ అనుకోలేదు, ఆ ఏడు మందారాలు విరగపూశాయి.

సాయం పోతే పోతుంది. అన్నతో నేను మాట్లాడతాను. నీ చేతుల్లో పని ఉంది. ఇంకో దారి దొరుకుతుంది.

అంజన్నకు ముడుపు కట్టాను. ఏం మొక్కుకున్నానో అడగకు.

అత్తమ్మ

*

పోర్చుగల్,
అక్టోబరు 4, 2024

అత్తమ్మా,

నీ ఉత్తరం సాగనంపే రోజుకు రెండు రోజుల ముందు వచ్చింది. అప్పటికి నేను కూడా అదే అనుకున్నాను గానీ, నీ చేత్తో రాసింది చూశాక ధైర్యం వచ్చింది.

ఇక్కడ మన పుట్టల్లాంటివి లేవు. ఎలుకలాంటి చిన్న జంతువు ఒకటి నేల కింద తవ్వి పైకి పోసే మెత్తని మన్ను ఉంటుంది. బడిపిల్లలు బకెట్లతో తెచ్చారు. ఆ జంతువును అడిగే తెచ్చారా అని నేనంటే, ఒక పిల్ల బొరియ దగ్గరికి తిరిగి పోయి, మోకాళ్ల మీద కూర్చుని లోపలికి ఏదో చెప్పి వచ్చింది. గునుగుపూలు లేవు. కొండ మీద ఊదారంగు పూలు దొరికాయి. పాటకు నువ్వు ఫోన్‌లో పంపిన నీ గొంతే పెట్టాను. పిల్లలకు మాట తెలియదు, అడుగు మాత్రం పట్టుకున్నారు. చప్పట్ల దగ్గర మాత్రం ఒక్కొక్కరు ఒక్కో దేశంలో ఉన్నారు.

చివరి రోజు పెద్ద తొట్టిలో నీళ్లు పోశాం. రోజూ చూడడానికి వచ్చే ముసలి కుమ్మరి ఒకాయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. మెట్లు ఒక్కొక్కటే కరిగాయి. ఆ నీళ్లు నిమ్మచెట్లకు పోశాం. అమేలియా ఏడుస్తూనే, పైవాళ్లకు నేనేం చెప్పాలి అని అడిగింది.

ఇప్పుడు అసలు సంగతి. అమేలియా నా మంచం పక్కన నీ ఉత్తరాలు చూసింది. ఏమిటని అడిగితే కొంచెం కొంచెం చెప్పాను. మర్నాడు పైవాళ్లతో మాట్లాడి వచ్చింది. బొడ్డెమ్మ పోయినా ఈ ఉత్తరాలను, నీ దగ్గరున్న నావాటిని కూడా, అద్దాల పెట్టెలో పెడతామంటున్నారు. పక్కన వాళ్ల భాషలో అర్థం రాసి పెడతారు. అవి ఇస్తే, పని ఉంచినట్టే లెక్క. ఆముకు సాయం వస్తుంది. ఈ నెలాఖరులోగా చెప్పాలి. కాగితం అందగానే నువ్వే ఫోన్ చెయ్యి. నేను అవునని కానీ కాదని కానీ అనలేదు. అవి నావి మాత్రమే కావు.

నీ నవత

*

శ్రీరాంపూర్,
నవంబరు 12, 2024

చిరంజీవి నవతకు, అత్తమ్మ దీవెనలు.

ఆ రోజు ఫోన్‌లో ఉత్తరాలు ఇచ్చే సంగతికి నేను "వద్దు" అన్నాను. ఇక్కడ మీ మామ చేతిలో చాయ్ కింద పెట్టి నావైపు తిరిగాడు. నా నోటి నుంచి అంత గట్టిగా ఆ మాట ఆయన ఎన్నడూ వినలేదు. తర్వాత నువ్వు అమేలియమ్మను పిలిచావు. మరి మాకేమిస్తావని ఆమె నవ్వుతూ అడిగితే నువ్వు తెలుగులో చెప్పావు. అప్పుడు నేనన్నది నేనే ముందు అనుకోలేదు. "నేనే వస్త. పెట్టి, ఆడిచ్చి, సాగనంపిపోత. మల్ల కావాల్నంటే మల్ల వస్త." అంజన్నకు ముడుపు కట్టింది మాత్రం ఇందుకు కాదు, నువ్వు బాగుండాలని.

నిన్న నువ్వు చెప్పిన కబురు అన్నకు నేనే చెప్పాను. ఆముకు సాయం ఈ ఏడు లేదు. వచ్చే సెప్టెంబరులో మనిద్దరినీ వాళ్ల ఖర్చుతో పిలుస్తారు, చేసిన పనులు ఉంచే గదిలో ఒక చోటు ఖాళీగా ఉంచుతారు, ఏటేటా వచ్చి చేసేదాన్నే ఉంచిన పనిగా రాసుకోవచ్చా అని పైవాళ్లను అడుగుతారు. ఒప్పుకుంటే అప్పుడు ఆము సంగతి. ఒప్పుకోకపోతే లేదు. అన్న అంతా విని గొడ్డలి తీసుకుని పెరట్లోకి పోయాడు. కోపం వచ్చిందేమోనని మా వదిన, అదే మీ అమ్మ వినోద, భయపడ్డది. చూస్తే తుమ్మ చెట్టు కొడుతున్నాడు. "వచ్చినా రాకున్నా గీ జాగ సాఫ్ ఉండాలె" అన్నాడు.

పాస్‌పోర్టుకు సిద్ధు దరఖాస్తు పెట్టించాడు. కరీంనగర్ పోయి వేలిముద్రలు ఇచ్చి వచ్చాం. అక్కడి అమ్మాయి ఎందుకు పోతున్నారని అడిగితే ఏం చెప్పాలో తెలియక మన్ను తొక్కడానికి అన్నాను. సిద్ధు తల పట్టుకున్నాడు. మీ మామ కాలనీలో అందరికీ చెప్పి తిరుగుతున్నాడు, "మంచిర్యాల దాటితే మూడుసార్లు ఎనుకకు చూసేటామె, సముద్రం దాటుతదట" అని. విమానంలో ఒక్కపొద్దు ఉంటే ఏం తినాలో మాత్రం ఇంకా ఫికర్ ఉంది.

బిడ్డా, ఉత్తరాలు ఎందుకు వద్దన్నానో ఫోన్‌లో చెప్పలేకపోయాను. బొడ్డెమ్మను పదిమంది చూడాలి, అందుకే వాకిట్లో పెడతాం. నా గొంతు వినాలంటే విననివ్వు, అది ఆ తల్లి కోసం పాడింది. కానీ ఈ కాగితాల్లో నేను అరుగు మీద కూర్చుని నోట్లోనే పాడుకున్న సాయంత్రం ఉంది. నువ్వు వెనక వరసలో కూర్చున్న పెండ్లిళ్లు ఉన్నాయి. అవి మనం ఒకరికొకరం చెప్పుకున్నవి. వీటికి బదులు ఆము వస్తుందంటే, రేపు ఆ ఆములో కాలిన ప్రతి కుండా వీటిని ఎందుకు అమ్మావని నన్ను అడుగుతుంది.

ఇవి చింపకు. తడి తగలనివ్వకు. నీ పెట్టెలో అడుగున, నీ బట్టల కింద పెట్టుకో. ఎవరు అడిగినా చూపకు.

మీ అత్తమ్మ,
జ్యోతిరాణి